చెన్నైలో 740, బెంగళూరులో 666: ప్రెషర్ లెక్కల మీద ఒక ఆదివారం మాటలు

(బెంగళూరులో తెలుగువాళ్ళం ఆదివారం కలిసినప్పుడు ఒక క్యాలిబ్రేషన్ ల్యాబ్ ఆయన మాట్లాడాడు, ఆ మాటలు రికార్డింగ్ విని రాసుకున్నాం. మధ్యలో జనం అడిగినవి కూడా అట్లాగే ఉంచేశాం.)

మైకు వెనకాలకి వినబడుతోందా? సరే. అందరికీ నమస్కారం. టిఫిన్ అయిన వెంటనే పెట్టారు నా టాక్, ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను, ఇడ్లీలు బాగున్నాయి, నేనూ ఆరు లాగించా.

మాది హిందూపురం దగ్గర పల్లె. ఇక్కడ ఫ్యాక్టరీల ఏరియా పీణ్యకొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నా పని ఏంటంటే ఫ్యాక్టరీ వాళ్ళు ప్రెషర్ గేజీలు తెస్తారు, అది 5 చూపిస్తే నిజంగా లోపల 5 ఉందా లేదా అని సరిచూసి స్టిక్కర్ అంటించి పంపడం. అంతే. మా ఆవిడ అయితే "గడియారం రిపేరు లాంటిదే" అని చెప్తుంది చుట్టాలకి, నేను కూడా ఒప్పేసుకున్నా, ఎందుకంటే వివరంగా చెప్పబోతే వాళ్ళు కాఫీ తాగేసి వెళ్ళిపోతున్నారు. ఇవ్వాళ మీరు దొరికారు.

నన్నేం మాట్లాడమన్నారంటే ప్రెషర్ కొలిచే యూనిట్లు మార్చడం గురించి, బార్ నుంచి పీఎస్ఐ, పీఎస్ఐ నుంచి పాస్కల్, అట్లాంటివి. నిజం చెప్పాలంటే అది ఫోన్‌లో కొడితే అర సెకనులో వచ్చేస్తుంది, దానికి నేనెందుకు. నేను చూసిన గొడవల్లో గుణకారం తప్పి వచ్చినవి చాలా తక్కువ. గుణకారం కరెక్టుగానే చేసి గొడవ తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. అట్లాంటిదొకటి ముందు చెప్తా.

చాలా ఏళ్ళ కిందట. చెన్నైలో ఒక కంపెనీ వాళ్ళు వ్యాక్యూమ్ పంపు, అంటే లోపలి గాలి లాగేసే పంపు తయారుచేసి, వాళ్ళ షెడ్లోనే టెస్ట్ చేసి, గేజీ 740 మిల్లీమీటర్లు, అంటే అంత ఎత్తు పాదరసం లెక్క, చూపించింది అని సర్టిఫికెట్ రాసి లారీలో బెంగళూరు పంపించారు. ఇక్కడ కొన్నవాళ్ళు బిగించి ఆన్ చేస్తే 666. ఆర్డర్ మీద ఏముంది, కనీసం 700 రావాలి అని ఉంది. ఇంక చూడండి. వీళ్ళేమో పంపు దారిలో దెబ్బతింది అంటారు, వాళ్ళేమో మీ పైపులు లీకు అంటారు, సీళ్ళు మార్చారు, ఆయిల్ మార్చారు, చెన్నై నుంచి మెకానిక్ రైల్లో వచ్చి రెండు రోజులు లాడ్జిలో ఉన్నాడు, అయినా 666. అప్పుడు గేజీ తప్పేమో అని నా దగ్గరికి తెచ్చారు. గేజీ బ్రహ్మాండంగా ఉంది. పంపు కూడా బ్రహ్మాండంగా ఉంది. చెన్నై సర్టిఫికెట్ కూడా అబద్ధం కాదు. మరి ఎవరిది తప్పు?

ఆగండి, ఇప్పుడే చెప్పొద్దు. ముందు ఒక పని చేద్దాం. మీ ఫోన్లలో కొన్నింట్లో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది, అందరి ఫోన్లో ఉండదు, ఉన్నవాళ్ళు ఆప్ తెరిచి అంకె ఎంతో చెప్పండి.

(ఒకరు: 911 చూపిస్తోంది సార్.)

911 హెక్టోపాస్కల్, గాలి ప్రెషర్ చెప్పే యూనిట్ అది. ఇప్పుడు వాతావరణం ఆప్ తెరవండి, బెంగళూరు ప్రెషర్ ఎంతని ఉంది?

(అదే మనిషి: 1014 సార్. రెండింట్లో ఏది కరెక్టు?)

రెండూ కరెక్టే. అసలు కథ అంతా ఇక్కడే ఉంది. మనం కూర్చున్నది సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో. మన కింద ఉన్న ఆ 920 మీటర్ల మందం గాలి మన నెత్తిన లేదు కదా, అందుకని ఇక్కడ నిజంగా ఉండే ప్రెషర్ 910 దగ్గరే. వాతావరణం వాళ్ళు మాత్రం బెంగళూరుని సముద్రమట్టానికి దించితే ఎంత ఉండేదో లెక్కగట్టి ఆ అంకె చెప్తారు. ఎందుకంటే అట్లా చెయ్యకపోతే మ్యాపు మీద బెంగళూరు, మైసూరు, ఊటీ అన్నీ రోజూ వాయుగుండాల్లాగా కనబడతాయి. 1999లో ఒడిశాని ఊడ్చేసిన సూపర్ సైక్లోన్ ఉంది చూడండి, దాని నడిబొడ్డున 912 హెక్టోపాస్కల్ అని లెక్కేశారు. మనం రోజూ దాదాపు ఆ ప్రెషర్లోనే కూర్చుని కాఫీ తాగుతున్నాం. సముద్రం మీద అది ప్రళయం, ఇక్కడ అది ఆదివారం. (నవ్వులు)

ఇప్పుడు పంపు దగ్గరికి. వ్యాక్యూమ్ గేజీ ఏం చెప్తుంది? లోపల ఎంత మిగిలిందో చెప్పదు. బయట గాలి కంటే లోపల ఎంత తక్కువో చెప్తుంది. చెన్నైలో బయట గాలి 757 మిల్లీమీటర్ల పాదరసం అనుకోండి, పంపు లాగగా లాగగా లోపల 17 మిగిలింది, గేజీ 740 చూపించింది. ఇక్కడ బయట గాలే 683, ఇందాకటి 911 హెక్టోపాస్కల్‌ని పాదరసంలో చెప్తే అంతే. పంపు అంతే బాగా పనిచేసి అదే 17 మిగిల్చింది. 683 లోంచి 17 తీస్తే 666. అంతే! పంపుని పూజ గదిలో పెట్టి పూజ చేసినా ఈ ఊళ్ళో 683 దాటదు, ఎందుకంటే లాగెయ్యడానికి ఉన్నదే అంత. లేని గాలిని ఎట్లా లాగుతుంది? ఆ 700 రావాలని రాసినాయన పాపం ఏదో పుస్తకంలోంచి ఎత్తి రాసుంటాడు, ఆ పుస్తకం రాసినాయన సముద్రం ఒడ్డున ఉండుంటాడు.

నేను ల్యాబ్‌లోంచి అబ్సల్యూట్ గేజీ, అంటే లోపల మిగిలిందే నేరుగా చూపించేది, తీసుకెళ్ళి బిగించి 17 చూపించాక గానీ వాళ్ళు నమ్మలేదు. అప్పుడు కూడా కొన్నవాళ్ళ పెద్దాయన "అయితే ఆర్డర్లో ఏం రాయాలి" అని అడిగాడు, అది మంచి ప్రశ్న, మిగిలింది 20 మిల్లీమీటర్ల లోపు అబ్సల్యూట్ ఉండాలి అని రాయండి, ఏ ఊళ్ళోనైనా చెల్లుతుంది అని చెప్పా.

కాబట్టి ఎవరైనా ప్రెషర్ అంకె చెప్తే నేను అడిగే మొదటి ప్రశ్న యూనిట్ ఏంటని కాదు. సున్నా ఎక్కడుంది సార్ అని. ఏమీ లేని శూన్యాన్ని సున్నా అనుకుని లెక్కపెడితే అది అబ్సల్యూట్. మన చుట్టూ ఉన్న గాలిని సున్నా అనుకుని దాని మీద ఎంత ఎక్కువో లెక్కపెడితే అది గేజీ ప్రెషర్. టైరు పంక్చర్ అయితే గాలి సున్నా అంటాం, నిజానికి లోపల సున్నా ఎందుకుంటుంది, బయటున్నంత గాలి లోపలా ఉంటుంది. ఇంటి ఎత్తు రోడ్డు మీంచి కొలుస్తామా సముద్రం మీంచి కొలుస్తామా అన్నట్టు ఇది. యూనిట్ మార్చేటప్పుడు గుణిస్తాం, సున్నా మార్చేటప్పుడు కూడుతాం లేదా తీసేస్తాం. ఈ రెండూ వేరే వేరే పనులు. ఫోన్‌లో కన్వర్టర్ మొదటిదే చేస్తుంది, రెండోది చెయ్యదు, అడగదు కూడా.

సరే ఇప్పుడు యూనిట్ల దగ్గరికొద్దాం, లేకపోతే పిలిచినందుకు నిర్వాహకులు బాధపడతారు.

ఇన్ని యూనిట్లు ఎందుకొచ్చాయి అంటే ఎవరి చేతిలో ఏముంటే దాంతో కొలిచారు, అంతే. నీళ్ళ వాళ్ళు నీళ్ళతో, డాక్టర్లు పాదరసంతో, ఇంగ్లీషు వాళ్ళు పౌండ్లతో అంగుళాలతో. మా నాన్న బావి కథ చెప్తే తొందరగా అర్థమవుతుంది. మా వైపు వెనకటికి బావి గట్టున మోటారు పెట్టేవాళ్ళు. నీళ్ళు కిందికి పోయే కొద్దీ మోటారుని కూడా బావిలోకి దించి, గోడకి దిమ్మె కట్టి దాని మీద పెట్టేవాళ్ళు, ఇంకా పోతే ఇంకా దించేవాళ్ళు. ఎందుకు దించాలి, గట్టు మీద పెద్ద మోటారు పెడితే లాగదా? లాగదు. ఎంత హార్స్‌పవర్ పెట్టినా లాగదు. ఎందుకంటే మోటారు నీళ్ళని లాగట్లేదు, అది పైపులో గాలి తీసేస్తోంది, బావిలో నీళ్ళ మీద కూర్చున్న బయటి గాలి నీళ్ళని పైకి తోస్తోంది. ఆ గాలి తోయగలిగింది సముద్రం ఒడ్డున 10.3 మీటర్లు. బెంగళూరులో 9.3. పైపు రాపిడీ అదీ పోతే ఏడు మీటర్లు వస్తే గొప్ప.

ఇదే గొడవ ఇటలీలో ఫ్లోరెన్స్ దగ్గర పంపుల వాళ్ళకీ వచ్చింది, పది మీటర్ల కంటే పైకి నీళ్ళు రావట్లేదని. గెలీలియో దాకా వెళ్ళిందీ సంగతి. ఆయన తర్వాత టారిచెల్లి అనే ఆయన ఏం ఆలోచించాడంటే, నీళ్ళతో పది మీటర్ల గొట్టం కట్టడం కష్టం, నీళ్ళకంటే 13.6 రెట్లు బరువైన పాదరసం పోస్తే గొట్టం చిన్నదైపోతుంది కదా అని. 1643లో చేసి చూస్తే పాదరసం 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. 76ని 13.6 పెట్టి గుణించండి, 1033 సెంటీమీటర్లు, అదే మన 10.3 మీటర్ల నీళ్ళు. మా నాన్నకి ఈ లెక్క తెలీదు గానీ మోటారు ఎక్కడ పెట్టాలో ఖచ్చితంగా తెలుసు.

దాని తర్వాత 1648 సెప్టెంబర్ 19న ఫ్రాన్సులో పాస్కల్ అనే శాస్త్రవేత్త బావగారు పెరియే, పుయ్ ద దోమ్ అనే కొండ ఎక్కాడు, పాదరసం గొట్టం మోసుకుని. పాస్కలే ఎక్కించాడు ఆయన్ని, తను ఎక్కలేదు. (నవ్వులు) కొండ కింద ఊళ్ళో ఒక గొట్టం పెట్టి మనిషిని కాపలా ఉంచారు, కొండ మీద ఇంకోటి. పైకి వెళ్ళేసరికి పాదరసం ఎనిమిది సెంటీమీటర్ల పైన దిగిపోయింది. ఊరికీ కొండకీ తేడా దాదాపు వెయ్యి మీటర్లు. ఇప్పుడు నా పంపు కథ గుర్తుచేసుకోండి, చెన్నైలో 757, ఇక్కడ 683, ఏడున్నర సెంటీమీటర్ల తేడా. అంటే మనం చెన్నై నుంచి శతాబ్ది రైల్లో ఏసీలో కూర్చుని టమాటా సూప్ తాగుతూ ఆ కొండ ఎక్కేస్తున్నాం. ఆ పాస్కల్ పేరే 1971లో ప్రెషర్ యూనిట్‌కి పెట్టారు.

ఆ పాస్కల్ ఎంతంటే చాలా చిన్నది. మీటరు పొడుగు మీటరు వెడల్పు గచ్చు మీద నూట రెండు గ్రాముల ముగ్గుపిండి సమానంగా పరిచారనుకోండి, ఆ గచ్చు మీద పడే ప్రెషర్ ఒక పాస్కల్. మామూలు ఏ4 కాగితం బల్ల మీద పెడితే అది ముప్పావు పాస్కల్‌కి కొంచెం ఎక్కువ. అందుకే పాస్కల్స్‌లో మాట్లాడితే ఎప్పుడూ లక్షలే వస్తాయి. గాలి ప్రెషర్ 1,01,325. అందుకని వాతావరణం వాళ్ళు వందలు కలిపి హెక్టోపాస్కల్ అన్నారు, అది పాత మిల్లీబారే, అంకె కూడా మారదు, పేరు మారింది అంతే. ఇంజినీర్లు వేలు కలిపి కిలోపాస్కల్, కాంక్రీటు వాళ్ళు పది లక్షలు కలిపి మెగాపాస్కల్ అన్నారు. లక్ష పాస్కల్స్ అయితే ఒక బార్.

ఇక్కడ ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎం25 కాంక్రీటు అంటారు కదా, ఆ 25 అంటే 25 మెగాపాస్కల్, అంటే చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్ల బలం. 15 సెంటీమీటర్ల దిమ్మె పోసి 28 రోజులు నానబెట్టి మిషన్లో పెట్టి నొక్కితే ఆ లెక్కన 57 టన్నుల దాకా తట్టుకోవాలి. పాత మేస్త్రీ కేజీల్లో చెప్పు అంటే 255 కేజీలు అని చెప్పండి.

(ఒక పిల్లాడు: అంకుల్, కేజీ అంటే బరువు కదా, ప్రెషర్ ఎట్లా అవుతుంది?)

శభాష్. ఇది మా షాపు ఫ్లోరు భాష నాన్నా. కంప్రెసర్ ఏడు కేజీలు, బాయిలర్ పది కేజీలు అంటాం. అసలు చెప్పాల్సింది చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీల బరువు అని. అంత పొడుగు పేరు మిషన్ చప్పుళ్ళో ఎవరు అరుస్తారు, అందుకని తోక కోసేశారు. అట్లాగే టైరు షాపులో 32 పెట్టు అంటే అది పీఎస్ఐ, చదరపు అంగుళానికి 32 పౌండ్లు, అక్కడ పౌండు కూడా పోయింది, అంగుళం కూడా పోయింది, ఒట్టి 32 మిగిలింది.

ఇంక లెక్క. నేను ఒక గొలుసు గుర్తుపెట్టుకుంటా, అన్నీ దాంట్లోంచే లాగుతా. ఒక బార్ అంటే దాదాపు ఒక కేజీ, దాదాపు పది మీటర్ల నీళ్ళు, సరిగ్గా వంద కిలోపాస్కల్, పద్నాలుగున్నర పీఎస్ఐ, 750 మిల్లీమీటర్ల పాదరసం. ఇందులో దాదాపు అన్నది రెండు చోట్లా రెండు శాతం తేడా, ఒక కేజీ 0.98 బార్. టైరు 32 పీఎస్ఐ, పద్నాలుగున్నరతో భాగిస్తే 2.2 బార్, 220 కిలోపాస్కల్. బీపీ 120 అంటే 750కి వంద కిలోపాస్కల్ కాబట్టి ఏడున్నరకి ఒకటి, 16 కిలోపాస్కల్. పై ట్యాంకుకీ గ్రౌండ్ ఫ్లోర్ కొళాయికీ మధ్య 12 మీటర్లుంటే 1.2 బార్. అదే పై ఫ్లోర్ వాళ్ళ షవర్‌కీ ట్యాంకుకీ మధ్య రెండు మీటర్లే ఉంటే 0.2, అందుకే వాళ్ళకి నీళ్ళు ధారగా కాదు దయగా పడతాయి. కాలిక్యులేటర్ అక్కర్లేదు దీనికి.

ఈ లెక్కతోనే మన కావేరి నీళ్ళ సంగతి చూడండి. టీకే హళ్ళి అనే ఊరి నుంచి దాదాపు వంద కిలోమీటర్ల దూరం, అయిదు వందల మీటర్ల ఎత్తు, నీళ్ళు పైకి తోసి మనకిస్తున్నారు. అయిదు వందల మీటర్లంటే యాభై బార్. మీ టైరులో ఉన్నదానికి ఇరవై రెండు రెట్ల పైన. ఒకేసారి తోస్తే కింద పైపు అంత ప్రెషర్ తట్టుకోవాలి, రాపిడికి ఇంకా అదనం, అందుకని మూడు చోట్ల పంపులు పెట్టి మూడు అంచెల్లో ఎత్తుతారు. పొద్దున్నే కొళాయి తిప్పేటప్పుడు నాకైతే ఇది గుర్తొస్తుంది. పళ్ళు తోముకునేటప్పుడు కొళాయి కట్టేస్తా, మా అబ్బాయి కట్టెయ్యడు, వాడికీ చెప్పా ఈ లెక్క, "సరే నాన్నా" అన్నాడు, కట్టెయ్యడు.

(ఒకరు: ఆ రెండు శాతం తేడాకి కేజీనీ బార్‌నీ ఒకటే అనుకుంటే కొంపలేమీ మునగవు కదా సార్?)

టైరుకి మునగవు. నీళ్ళ ట్యాంకుకీ మునగవు. నా టేబుల్ మీద మునుగుతాయి. మామూలు ఫ్యాక్టరీ గేజీ 1.6 క్లాసు అని ఉంటుంది, అంటే ఫుల్ స్కేల్, డయల్ చివరి అంకె, మీద 1.6 శాతం లోపు తప్పు ఒప్పుకుంటారు. మీరు కేజీని బార్ అని చదివితే రెండు శాతం, అంటే గేజీకి ఇచ్చిన మాఫీ కంటే మీ చదువుడు తప్పే పెద్దది. బాగున్న గేజీ ఫెయిల్ అవుతుంది, చెడిపోయింది పాస్ అవుతుంది. దీనికంటే సన్నది కూడా ఉంది, మా దగ్గర డెడ్ వెయిట్ టెస్టర్ అని ఉంటుంది, సన్న పిస్టన్ మీద బరువులు పెట్టి ప్రెషర్ పుట్టిస్తాం, దాంతో గేజీలు సరిచూస్తాం. ఆ బరువుల మీద అంకె వేసింది భూమి ఆకర్షణ 9.80665 అనుకుని. బెంగళూరులో అది సుమారు 9.78. పావు శాతం కంటే కొంచెం ఎక్కువే తేడా. మామూలు గేజీలకి పట్టించుకోం, మంచి గేజీ వస్తే మాత్రం దీన్ని కూడా కలిపి లెక్కెయ్యాలి. కేజీ అనే మాటలో ఊరు కూడా దూరిపోతుందన్నమాట. పాస్కల్‌కి ఆ బాధ లేదు, న్యూటన్ ఎక్కడైనా న్యూటనే. నన్నడిగితే మాత్రం షాపు ఫ్లోర్లో కేజీ పోదు, పోవాలని కూడా నాకు లేదు, పది కేజీలంటే చెయ్యికి తెలుస్తుంది, 981 కిలోపాస్కల్ అంటే ఏం తెలుస్తుంది?

అసలు యూనిట్ రాయకపోవడం ఇంకా ఘోరం. ఒక చోట స్టోర్స్ వాళ్ళు గేజీ కావాలి 0 నుంచి 10 అని రాశారు, పదేంటో రాయలేదు. వాళ్ళ మనసులో కేజీలు. వచ్చింది 10 పీఎస్ఐ గేజీ. డయల్ మీద చిన్నక్షరాలు ఎవరు చూస్తారు, తీసుకెళ్ళి ఆరు కేజీల గాలి లైనుకి బిగించారు. ఆరు కేజీలంటే 85 పీఎస్ఐ, పదికి తట్టుకునేదాని మీద ఎనిమిదిన్నర రెట్లు. గేజీ లోపల బూర్డాన్ ట్యూబ్ అని వంపు తిరిగిన గొట్టం ఉంటుంది, ప్రెషర్ వస్తే కొంచెం విచ్చుకుంటుంది, పిల్లల పీపీ ఊదితే విచ్చుకున్నట్టు, ఆ కదలికే సూదికి వెళ్తుంది, 1849లో బూర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంట్ తీసుకున్నది ఇప్పటికీ అదే వాడుతున్నాం. ఆ గొట్టం విచ్చుకుని మళ్ళీ ముడుచుకోలేదు. సూది గిర్రున తిరిగి పిన్నుకి కొట్టుకుని వంగిపోయింది. అద్దం పగల్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. నా దగ్గరికి తెచ్చి "ఇది సరిచెయ్యండి" అన్నారు. దాన్ని ఇప్పటికీ నా టేబుల్ మీద పేపర్ వెయిట్‌గా పెట్టుకున్నా.

దీనికి తిరగేసింది కూడా చూశా. పెట్రోల్ బంకులో డిజిటల్ మిషన్ ఎవడో కిలోపాస్కల్‌లోకి మార్చి వదిలేశాడు, నా ముందు కారాయన 220 చూసి హడలిపోయి టైరు పేలుతుందని గాలి తీసేస్తున్నాడు. దిగి చెప్పా. నమ్మలేదు. గాలి కొట్టే కుర్రాడు చెప్తే నమ్మాడు.

(ఒకావిడ: బీపీ మిషన్ కూడా గేజీ ప్రెషరేనా అండీ? మరి ఊరు మారితే బీపీ మారుతుందా?)

గేజీయే అమ్మా. 120 అంటే బయట గాలి కంటే 120 మిల్లీమీటర్ల పాదరసం ఎక్కువ అని. బయట గాలి మన ఒంటి మీద, లోపల, అన్ని వైపులా ఉంది కాబట్టి ఊరు మారినందుకు మిషన్ అంకెలో కలపాల్సిందీ తీయాల్సిందీ ఏమీ లేదు. మీ చెయ్యి ఎక్కడ పెట్టారన్నది మాత్రం మారుస్తుంది. నీళ్ళ ట్యాంకు లెక్కే ఇదీ, రక్తం నీళ్ళకంటే కాస్త చిక్కన, పట్టీ కట్టిన చోటు గుండె కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే ఎనిమిది మిల్లీమీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. పైకి ఉంటే అంత తక్కువ. అందుకే చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున పెట్టమంటారు. మందుల సంగతి డాక్టర్‌ని అడగండి, నాకు గేజీలే తెలుసు.

(ఒకరు: చెన్నైలో టైరు గాలి పట్టించి ఇక్కడికొస్తే ఎక్కువవుతుందా?)

ఇది నాకిష్టమైన లెక్క. చెన్నైలో 32 పెట్టారు. ఇక్కడ బయట గాలి వంద హెక్టోపాస్కల్ తక్కువ, అంటే 1.45 పీఎస్ఐ. లోపల గాలి అంతే ఉంది, బయట తగ్గింది, కాబట్టి గేజీ 33.5 దాకా చూపించాలి. చిప్స్ ప్యాకెట్ ఘాట్ ఎక్కేసరికి ఉబ్బుతుంది చూడండి, అదే. కానీ చెన్నైలో 34 డిగ్రీలుండి ఇక్కడ 24 ఉందనుకోండి, చల్లబడినందుకు ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది. ఆ చేత్తో ఇచ్చింది ఈ చేత్తో తీసుకుంది. టైరు చల్లారాక పొద్దున్నే చూస్తే మళ్ళీ దాదాపు 32 దగ్గరే! గేజీ కదల్లేదు కాబట్టి ఏమీ జరగలేదనుకుంటారు, లోపల రెండు జరిగాయి. ఇక్కడ చల్లబడిన లెక్క వేసేటప్పుడు మాత్రం 32 మీద వెయ్యకూడదు, బయటి గాలి కలిపి 46న్నర మీద వెయ్యాలి. మళ్ళీ అదే, సున్నా ఎక్కడుంది అని.

టైమ్ అయిపోయిందని చెయ్యి ఊపుతున్నారు. ఒక్కటే ఇంకొకటి. చెప్పండమ్మా.

(ఒక పెద్దావిడ: మా అమ్మాయి చెన్నైలో ఉంటుంది, అదే కుక్కరు, అదే కందిపప్పు, అక్కడ మూడు విజిల్స్‌కి ఉడుకుతుంది, ఇక్కడ పలుకు తగులుతుంది. నీళ్ళ తేడా అంటారు అందరూ.)

నీళ్ళ తేడా కూడా ఉండొచ్చమ్మా, ఉప్పు నీళ్ళకి పప్పు మొండికేస్తుంది. కానీ గేజీ తేడా ఖాయంగా ఉంది. కుక్కర్ వెయిట్ ఉందే, అది చిన్న డెడ్ వెయిట్ టెస్టరే, నా టేబుల్ మీద ఉన్నలాంటిదే. ఆవిరి వచ్చే రంధ్రం మూడు మిల్లీమీటర్లుంటే దాని మీద డెబ్బై గ్రాముల వెయిట్ పెడితే ఒక కేజీ ప్రెషర్ అవుతుంది. ఆ ఒక కేజీ బయట గాలి మీద ఎక్కువ. చెన్నైలో బయట 1.01 బార్, దాని మీద 0.98, మొత్తం 1.99, ఆ ప్రెషర్లో నీళ్ళు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇక్కడ బయట 0.91, మొత్తం 1.89, 118న్నర డిగ్రీలు. ఒకటిన్నర డిగ్రీ తేడా. మూత లేకుండా గిన్నెలో వండితే ఇంకా తేడా, అక్కడ 100, ఇక్కడ 97. కుక్కరు ఆ మూడు డిగ్రీల నష్టాన్ని సగానికి తగ్గించింది గానీ పూర్తిగా పోగొట్టలేదు.

(పెద్దావిడ: అయితే ఏం చెయ్యాలంటావు నాయనా?)

ఇంకో విజిల్ రానివ్వండమ్మా.

(నవ్వులు, చప్పట్లు)